వానపాముల డబ్బాలో వేసేముందు వంటింటి తొక్కల్ని ఎలా తయారు చేయాలి?

కుండీతోట:

నమస్కారం అండి అందరికీ. ఎర్ర వానపాములతో ఇంట్లో డబ్బా పెట్టి రెండు నెలలైంది. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, పక్కల గాలికి చిల్లులు, అడుగున నీళ్లు దిగడానికి చిల్లులు, లోపల తడిపి పిండిన అట్టముక్కల బెడ్. పాములు పావుకిలో దాకా ఉంటాయి.

మొదట్లో తొక్కలు ఎలా వస్తే అలా పడేసేదాన్ని. అరటితొక్క అరటితొక్కలాగే, క్యాబేజీ మోడు మోడులాగే. ఆకులూ మెత్తటివీ పోయాయి గానీ ఆ మోడు మాత్రం మూడు వారాలైనా చెక్కుచెదరలేదు, కదిపి చూస్తే ఒక్క పాము కూడా దాని దగ్గర లేదు. పాములకు పళ్లుండవు కదా, మెత్తగా చేసి పెడితే తొందరగా తింటాయేమో అనుకుని పోయిన వారం నాలుగు రోజుల తొక్కలన్నీ మిక్సీలో వేసి, తిరక్కపోతే కాసిని నీళ్లు కూడా పోసి, జారుగా రుబ్బి పైన పోసేశాను. దాదాపు కిలో ఉంటుంది.

మూడో రోజు పొద్దున మూత తీస్తే పుల్లటి వాసన గుప్పున కొట్టింది. పాములన్నీ గోడలెక్కి మూత అంచున గుత్తులుగా వేలాడుతున్నాయి. ముద్ద పోసిన చోట వేలు పెడితే వేడిగా తగిలింది. నాలుగైదు చచ్చిపోయాయి కూడా. ప్రాణమున్నవాటిని తెచ్చిపెట్టుకుని చేతులారా ఇలా చేశానే అని ఆ రోజంతా మనసు మనసులో లేదు. ముద్దను గరిటెతో వీలైనంత తీసేసి, పొడి అట్టముక్కలు రెండు గుప్పెళ్లు కలిపి, మూత కాస్త తెరిచి ఉంచాను. ఇప్పుడు సగం పాములు కిందికి దిగాయి.

అసలు తొక్కల్ని ఎలా తయారు చేసి వేయాలి? ఎంత చిన్నగా తరగాలి? ఫ్రీజర్‌లో పెట్టి వేయమని కొందరు, ఉడికించి వేయమని కొందరు చెబుతున్నారు. ఎన్ని రోజులకోసారి, ఎంత? దయచేసి మీ అనుభవం చెప్పండి, ఈసారి తప్పు చేయదలచుకోలేదు.


మట్టిచేతులు:

ముందు టెన్షన్ పడకండి. మీరు చేసిన మొదటి పని సరైనదే, ముద్ద తీసేసి పొడి అట్ట కలపడం. ఇప్పుడు వారం రోజులు తిండి ఏమీ వేయకండి. తిండి వేయకపోతే చచ్చిపోతాయేమోనని భయం వద్దు, అవి ఆ అట్టముక్కల్నే తింటూ వారాలకు వారాలు ఉంటాయి. నేను ఎనిమిదేళ్లుగా చూస్తున్నది ఏంటంటే, ఆకలితో చచ్చిన డబ్బా ఒక్కటీ లేదు, ఎక్కువ పెట్టి చంపుకున్నవి మాత్రం చాలా ఉన్నాయి.

ఇక అసలు సంగతి. మనం వేసిన తొక్కను వానపాము నేరుగా తినదు. ముందు ఆ తొక్క మీద బ్యాక్టీరియా, బూజు పడతాయి, అవి దాన్ని మెత్తబరుస్తాయి, ఆ మెత్తబడిన గుజ్జునీ, దాని మీదున్న ఆ సూక్ష్మజీవుల్నీ కలిపి పాము మింగుతుంది. అంటే మనం తరగడం, గడ్డకట్టించడం, మాగబెట్టడం ఇవన్నీ పాము కోసం కాదు, కుళ్లడం తొందరగా, అదీ గాలి ఆడుతూ మొదలవ్వడం కోసం. ఇది ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ మీకే తోస్తాయి. మీ క్యాబేజీ మోడు దగ్గర పాములు ఎందుకు లేవంటే అది ఇంకా తాజాగా ఉంది, గట్టిగా ఉంది, సూక్ష్మజీవులకే లోపలికి దారి దొరకలేదు. దాన్ని నాలుగు పలచటి చెక్కలుగా కోసి ఉంటే కోసిన ప్రతి ముఖమూ ఒక దారి అయ్యేది.

మరి చిన్నగా కోస్తే మంచిదైతే రుబ్బితే ఇంకా మంచిది కావాలి కదా, ఎందుకు కాలేదు? గాలి. ముక్కల మధ్య సందులుంటాయి, సందుల్లో గాలి ఉంటుంది. రుబ్బిన ముద్దలో సందులుండవు, పైగా మీరు నీళ్లు కూడా పోశారు. కిలో ముద్ద మందంగా పేరుకుంటే అంతా ఒకేసారి కుళ్లడం మొదలై వేడి పుడుతుంది, లోపల గాలి అయిపోతుంది, అప్పుడు పులుపెక్కుతుంది. వానపాము ఊపిరి పీల్చేది చర్మంతోనే, ఆ పులుపు వాసనా ఆ వేడీ దానికి ఒళ్లంతా తగులుతాయి. అందుకే గోడలెక్కాయి. అవి మీ మీద అలిగి కాదు, గాలి కోసం వెళ్లాయి.

నేను చేసేది చెబుతాను. తొక్కల్ని కత్తితో వేలి గోరంత, అంటే ఒకటి రెండు సెంటీమీటర్ల ముక్కలు చేస్తాను, గట్టివైతే ఇంకా పలచగా. క్యాబేజీ మోడు, బ్రోకలీ కాడ, మొక్కజొన్న కండె లాంటివి వేయకపోయినా ఏం కాదు, వేస్తే ఓపిక ఉండాలి. బెడ్‌లో ఒక మూల చేత్తో గుంట చేసి, ముక్కలు పలచగా పరిచి, వాటితో పాటు దాదాపు అంతే పరిమాణంలో చింపిన పొడి అట్ట కలిపి, పైన కనీసం ఐదు సెంటీమీటర్ల బెడ్ కప్పుతాను. మళ్లీసారి పక్క మూల. నాలుగు మూలలూ తిరిగి వచ్చేసరికి మొదటి మూల ఖాళీ అవుతుంది, కాకపోతే వేయను, అంతే. ఒకే చోట ఉంచడం వల్ల ఇంకో లాభం ఉంది, ఏదైనా పులిస్తే పాములు పక్కకి తప్పుకోవడానికి చోటుంటుంది. మీరు మొత్తం పైభాగమంతా పోసేసరికి వాటికి గోడ తప్ప వేరే దారి లేకపోయింది.

ఎంత అంటే, పాములు రోజుకి తమ బరువులో సగం తింటాయని అంతటా రాస్తారు. అన్నీ కుదిరిన పాత డబ్బాలో తింటాయి, కాదనను. రెండు నెలల డబ్బాలో అది కొలతగా పెట్టుకోకండి. మీ పావుకిలో పాములకు రోజుకి 60 గ్రాముల లెక్కన మొదలుపెట్టి, వారానికి రెండుసార్లు వేయండి, చాలు. ఈ లెక్కలన్నిటికంటే నమ్మకమైనది మూత తీసి చూడటమే.


చల్లటిగది:

నేను ఫ్రీజర్ పక్షం. రోజూ తరగడం నాకు కుదరదు, అందుకని తొక్కలు ఎప్పటివప్పుడు ఒక డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెడతాను, ఆదివారం బయటికి తీస్తాను. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది కదా, తొక్క లోపలి కణాల్లో ఉండే నీళ్లు అలా ఉబ్బి కణాల గోడల్ని పగలగొడతాయి. కరిగాక చూడండి, పసుపుపచ్చటి అరటితొక్క నల్లబడి, తడిగుడ్డలాగా వాలిపోతుంది, రెండు వేళ్లతో పట్టి లాగితే పోగులు పోగులుగా ఊడి వస్తుంది. కత్తితో ఎంత తరిగినా ఆ మెత్తదనం రాదు. పైగా పండ్ల తొక్కల మీద కంటికి కనబడకుండా ఉండే చిన్న ఈగల గుడ్లు చాలావరకు చలికి చచ్చిపోతాయి. ఫ్రీజర్ మొదలుపెట్టాక నా డబ్బా చుట్టూ ఈగలు తగ్గిన మాట నిజం.

రెండు జాగ్రత్తలు మాత్రం తప్పనిసరి. ఒకటి, పూర్తిగా కరిగి గది చల్లదనానికి వచ్చాకే వేయాలి, గడ్డకట్టిన ముద్ద నేరుగా పెడితే ఆ చుట్టూ పాములకు దెబ్బే. రెండు, కరిగినప్పుడు చాలా నీరు వదులుతుంది, ఆశ్చర్యపోతారు అంత వస్తుంది. జల్లెడ గిన్నెలో వేసి గంటసేపు వదిలేయండి. ఆ కారిన నీళ్లను పారబోయకుండా నేను కొత్త అట్టముక్కల్ని తడపడానికి వాడతాను, మామూలు నీళ్లకంటే ఆ అట్ట త్వరగా చివుకుతుంది.

ఉడికించడం గురించి అడిగారు. ఉడికించినా ఆ మెత్తదనమే వస్తుంది గానీ గ్యాస్ దండగ, వేడి పూర్తిగా దిగేదాకా ఆగాలి, పైగా నీళ్లు ఇంకా ఎక్కువ. నేనైతే ఎప్పుడూ చేయలేదు, చేయమని చెప్పను.


ఆకుపచ్చకొమ్మ:

ఫ్రీజర్‌లో అంత చోటు అందరికీ ఉండదండి. నేను చేసేది మాగబెట్టడం. మూత సరిగ్గా పట్టని పాత బకెట్ ఒకటి, అడుగున చింపిన అట్ట, దాని మీద రోజుటి ముక్కలు, మళ్లీ అట్ట, ఇలా పొరలుగా. ఐదారు రోజులు అలా ఉంచి మధ్యలో ఒకసారి కర్రతో కలియబెడతాను. వేడెక్కేది ఏదైనా ఉంటే ఆ బకెట్‌లోనే వేడెక్కి చల్లారిపోతుంది. చేయి పెట్టి చూసి చల్లగా ఉంటేనే పాములకు. బ్రెడ్డు ముక్కలు, కాఫీ పిప్పి, పిండి పదార్థం ఉన్నవి ఏవైనా నేరుగా డబ్బాలో ఎక్కువగా వేస్తే వేడి చేస్తాయి, అలాంటివాటికి ఈ పద్ధతే మేలు.

మాగిన ముక్కల మీద తెల్లటి బూజు దూదిలా పడుతుంది, అది చూసి పారేయకండి. పాములు ముందు దాని కోసమే వస్తాయి. వాసన మాత్రం మట్టివాసన, మహా అయితే పండిన పండు వాసన రావాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే గాలి సరిపోలేదని, ఇంకాస్త అట్ట కలిపి రెండు రోజులు ఆగండి.


కుండీతోట:

ఎంత వివరంగా చెప్పారండీ, మనసు కాస్త కుదుటపడింది. మట్టిచేతులు గారు, గాలి సంగతి నాకు అసలు తట్టలేదు. ఇంకొన్ని సందేహాలు. నారింజ తొక్కలు, ఉల్లిపాయ పొట్టు వేయొచ్చా? గుడ్డు పెంకులు నలిపి వేస్తున్నాను, అవి ఎన్నాళ్లైనా అలాగే కనబడుతున్నాయి, మానేయాలా? మిగిలిపోయిన వండిన కూరలు? టీ బ్యాగులు? ఇంకొకటి, బెడ్‌లో దారప్పోగుల్లాంటి చిన్న చిన్న తెల్ల పురుగులు కనబడుతున్నాయి, అవి పాము పిల్లలా?


మట్టిచేతులు:

తెల్లవి పాము పిల్లలు కాదండి. ఎర్ర వానపాము పిల్ల పుట్టినప్పుడు పాలిపోయినట్టున్నా లోపల సన్నటి ఎర్రగీత కనబడుతుంది, వెలుతురులో పెట్టి చూస్తే తెలుస్తుంది. మొత్తం పాలరంగులో ఉన్నవి వేరే జాతి, వాటినీ చిన్న వానపాముల్లాంటివే అనుకోండి. పాములకు హాని చేయవు గానీ గుంపులుగా పెరిగాయంటే బెడ్ పుల్లగా, తడిగా ఉందని గుర్తు. మీ ముద్ద పులిసింది కాబట్టి వచ్చాయి, గుడ్డుపెంకు పొడి చల్లి తడి తగ్గిస్తే వాటంతటవే తగ్గుతాయి.

తడి ఎంత ఉండాలంటే, గుప్పెడు బెడ్ తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ.


పెంకుపొడి:

గుడ్డు పెంకులు మానేయకండి, నలపడం మానేయండి. చేత్తో నలిపిన పెంకు ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది, కుండీ మట్టిలో కూడా తెల్లగా మెరుస్తూ కనబడుతుంది. కడిగి, లోపలి పొర ఎండి పెళుసుగా అయ్యేదాకా నాలుగు రోజులు ఆరబెట్టి, మిక్సీలో పిండిలా కొట్టండి. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి ముగ్గుపొడిలా ఉండాలి, గరుకుగా గుచ్చుకుంటే ఇంకోసారి తిప్పండి. మిక్సీ ఆపగానే మూత తీయకండి, ఆ దుమ్ము ముక్కులోకి పోతుంది, రెండు నిమిషాలు ఆగండి.

దీని ఉపయోగం రెండు విధాలు. వానపాముకు పళ్లు లేవన్నారు కదా, కోడికి ఉన్నట్టే దానికీ లోపల కండరాల సంచి ఒకటి ఉంటుంది, మింగిన గరుకు రేణువులతో తిండిని అందులో నూరుకుంటుంది. ఆ గరుకు ఈ పొడి ఇస్తుంది. రెండోది, పెంకు దాదాపు మొత్తం కాల్షియం కార్బొనేటే కాబట్టి పులుపును విరుస్తుంది. తిండి వేసిన ప్రతిసారీ ఒక చెంచా పైన చల్లితే చాలు.

ఇక వేయకూడనివి. వండిన కూరలు వద్దు, ఎందుకంటే వాటిలో ఉప్పు, నూనె రెండూ ఉంటాయి. ఉప్పు ఆ తడి చర్మం మీద పడితే వాటికి నరకం. నూనె ముక్కల చుట్టూ పొరలా పట్టి గాలి ఆడనివ్వదు. మాంసం, చేపలు, పాలు, పెరుగు, చీజ్ వేస్తే కంపు కొడతాయి, ఎలుకలొస్తాయి. మాంసకృత్తులు ఎక్కువైతే ఇంకో ప్రమాదం కూడా ఉంది, పాము ఒళ్లు అక్కడక్కడ ఉబ్బి మధ్యలో నొక్కుకుపోయి పూసలదండలా అయిపోయి చచ్చిపోతుంది. నేను ఒకసారి కళ్లారా చూశాను, పప్పుల పిండి ఎక్కువ వేసినందుకు. మళ్లీ ఎప్పుడూ వేయలేదు.

నారింజ, నిమ్మ తొక్కలు కొద్దిగా, బాగా మాగాక, పెద్ద డబ్బాలో అయితే ఫర్వాలేదు. ఆ తొక్కలోని నూనెలు వాటికి పడవు, మీది ఇంకా చిన్న డబ్బా కాబట్టి ప్రస్తుతానికి మానేయండి. ఎండు ఉల్లిపొట్టు కొంచెం వేసుకోవచ్చు, పచ్చి ఉల్లి, వెల్లుల్లి, మిరపకాయలు మాత్రం వద్దు.


చల్లటిగది:

టీ ఆకు బ్రహ్మాండంగా తింటాయి, బ్యాగు మాత్రం చింపి ఆకు తీసి వేయండి. చాలా బ్యాగుల్లో ప్లాస్టిక్ పోగులు కలుస్తాయి, చివరికి ఎరువులో వల ముక్కలా మిగిలిపోతుంది. అలాగే పండ్ల మీద అంటించే చిన్న స్టిక్కర్లు, తొక్క తీసేటప్పుడే పీకేయండి, తర్వాత ఎరువులోంచి ఏరడం చాలా కష్టం. అట్ట విషయంలో కూడా మెరిసే పూత ఉన్నది, టేపు అంటించినది వద్దు, మామూలు గోధుమరంగు అట్ట చాలు. కొట్లో ఇచ్చే బిల్లు కాగితాలు కూడా వేయకండి, వాటికి రసాయనం పూత ఉంటుంది.

విత్తనాల సంగతి ఎవరూ చెప్పలేదు. పాముల డబ్బా మామూలు కంపోస్ట్ కుప్పలా వేడెక్కదు, వేడెక్కకూడదు కూడా, కాబట్టి టమాటా, గుమ్మడి, బొప్పాయి గింజలు చావవు. ఆ ఎరువు వేసిన ప్రతి కుండీలో టమాటా మొలకలొస్తాయి. మీకు అది ఇష్టమైతే సరే, లేదంటే గింజలు వేరు చేయండి.


రెండోఅంతస్తు:

మిక్సీని మరీ దోషిని చేయకండి, నేను మూడేళ్లుగా రుబ్బే వేస్తున్నాను, ఒక్కసారి కూడా ఇలా కాలేదు. తేడా ఏంటంటే నేను నీళ్లు పొయ్యను, ఫ్రీజర్‌లో పెట్టి కరిగించిన తొక్కలే కాబట్టి వాటి నీళ్లతోనే తిరుగుతాయి. మెత్తగా కాకుండా రెండు మూడు సార్లు ఆపి ఆపి బరకగా తిప్పుతాను. తర్వాత పలచటి గుడ్డలో వేసి గట్టిగా పిండి, ఆ పిప్పిని పొడి అట్టతో కలిపేసరికి పొడిపొడిగా రాలుతుంది. అప్పుడు బెడ్ మీద పలచటి గీతలా, వేలెడు వెడల్పున వేస్తాను. ముద్దగా కుప్పపోయడమే తప్పు.

పిల్ల పాములు ఎక్కువున్నప్పుడు ఇలా ఇస్తే తేడా కనబడుతుంది. కానీ మొదటి ఆరు నెలలు మీరు కత్తితో తరిగే పద్ధతిలోనే ఉండండి. అది కాస్త ఎక్కువైనా డబ్బా సర్దుకుంటుంది, రుబ్బినది ఎక్కువైతే సర్దుకోవడానికి టైమ్ ఇవ్వదు.


మట్టిచేతులు:

రెండోఅంతస్తు గారితో ఒప్పుకుంటాను, నీళ్లు పిండేసి, అట్టతో కలిపి, పలచగా వేస్తే రుబ్బడంలో తప్పు లేదు. నా పట్టింపల్లా పరిమాణం గురించే. డబ్బా ఉన్న గది కూడా చూసుకోండి, 15 నుంచి 25 డిగ్రీల మధ్య అవి హాయిగా తింటాయి, 30 దాటిన రోజుల్లో తిండి సగానికి తగ్గించండి. బయట ఎండగా ఉన్నప్పుడు లోపల కుళ్లే వేడి కూడా తోడైతే తట్టుకోలేవు.


కుండీతోట:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. వారం రోజులు ఏమీ వేయలేదు, చాలా కష్టంగా అనిపించింది, రోజుకి రెండుసార్లు మూత తీసి చూసేదాన్ని. నాలుగో రోజుకి గోడల మీద ఒక్కటి కూడా లేదు. పుల్లటి వాసన పోయి వాన పడినప్పటి మట్టివాసన వస్తోంది.

తర్వాత కర్బూజా తొక్కని ఫ్రీజర్‌లో పెట్టి, కరిగించి, నీళ్లు వార్చి, గోరంత ముక్కలు చేసి, చింపిన అట్ట కలిపి ఒక్క మూలనే పెట్టాను. తూచి మరీ 150 గ్రాములు. పైన చెంచాడు పెంకుపొడి. మూడో రోజు బెడ్ మెల్లగా పక్కకి జరిపి చూస్తే ముక్కల కింద పాములు ఒకదాన్నొకటి చుట్టుకుని నూలు ఉండలా ఉన్నాయి, ముక్కల లోపలి గుజ్జు మొత్తం పోయి కాగితంలా పలచటి పైతొక్క మిగిలింది. మళ్లీ కప్పేశాను. ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అక్కడే ఇంకొకటి కనబడింది. ఆవగింజ కంటే కొంచెం పెద్దగా, నిమ్మకాయ ఆకారంలో రెండు చివర్లూ కోసుగా, తేనెరంగులో మెరుస్తూ ఏడెనిమిది గింజలు. నేను అలాంటి గింజలేవీ వేయలేదు. ఏమిటివి, తీసేయాలా?


మట్టిచేతులు:

అయ్యో, తీయకండి! అవి వాటి గుడ్ల గూళ్లు. ఒక్కోదాంట్లోంచి రెండు మూడు పిల్లలొస్తాయి. వెచ్చగా ఉంటే మూడు నాలుగు వారాలు పడుతుంది, పొదిగే ముందు రంగు కాస్త ఎర్రబడుతుంది, గమనించండి. మళ్లీసారి తిండి ఆ మూల కాకుండా ఎదుటి మూల పెట్టండి.